బయటికొచ్చాక ఎవరితో పాడాలి?

(పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, జానపద బృందాల్లో పాడేవాళ్లు, వాయించేవాళ్లు హనుమకొండలో కలుసుకున్న రోజు ఒక సీనియర్ కీబోర్డు కళాకారుడు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగ్ విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు జర ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పాడేవాళ్లే మైకుకు దూరంగా కూర్చుంటే ఎట్లా?

నన్ను పిలిచినప్పుడు, "సార్, ట్రూపు నుంచి బయటికొచ్చి సొంతంగా ఎదగడం గురించి చెప్పండి" అన్నారు. ఎందుకు అడిగారో నాకు తెలుసు. ఇక్కడ కూర్చున్న ప్రతి ట్రూపులో ఒకరైనా "అన్నా, నేను సొంత ఛానెల్ పెట్టుకుంటున్నా" అని ఉంటారు. అనలేదా? నవ్వుతున్నారంటే అన్నట్టే. తప్పేం లేదు. అయితే మన వాళ్ల పేర్లు తీసి చెప్తే రేపు పొద్దున లొల్లి అవుతుంది. ఒకాయన ఫోన్ చేసి "నా గురించేనా?" అంటాడు, ఇంకొకాయన "నా గురించి ఎందుకు చెప్పలేదు?" అంటాడు. అందుకే నేను దూరం పోతున్నా, ఇంగ్లండ్ పోతున్నా. రాబీ విలియమ్స్ అనే పాటగాడి ముచ్చట చెప్తా. మీలో సగం మందికి ఆ పేరు తెలియదు. తెలియకపోవడమే మంచిది, ఎవరి అభిమానీ అడ్డం రాడు.

రాబీ 1974 ఫిబ్రవరి 13న స్టోక్ ఆన్ ట్రెంట్‌లో పుట్టాడు. పింగాణీ పాత్రలు తయారు చేసే కార్ఖానాల ఊరు. నాన్న స్టేజీ మీద పాడుతూ జోకులు చెప్పే మనిషి. పిల్లాడు చిన్నగా ఉన్నప్పుడే ఇల్లు వదిలి వెళ్లాడు. అయినా ఆ స్టేజీ పిచ్చి మాత్రం కొడుక్కి వచ్చింది. 1990లో మాంచెస్టర్‌లో నైజెల్ మార్టిన్ స్మిత్ అనే మేనేజరు కుర్రాళ్లతో ఒక గ్రూపు కడుతున్నాడు. టేక్ దట్ అని పేరు. గ్యారీ బార్లో, మార్క్ ఓవెన్, హోవర్డ్ డొనాల్డ్, జేసన్ ఆరెంజ్, వీళ్లతో పాటు రాబీ. అప్పటికి వాడికి పదహారేళ్లు, అందరికంటే చిన్నోడు.

ఇక్కడొక్క విషయం గుర్తు పెట్టుకోండి, తర్వాత అంతా దీని మీదే నడుస్తుంది. ఐదుగురూ స్టేజీ ఎక్కుతారు. ఐదుగురి పోస్టర్లూ ఆడపిల్లల గదుల్లో ఉంటాయి. కానీ పాటలు రాసేది, ట్యూను కట్టేది చాలావరకు గ్యారీ ఒక్కడే. అక్కడ అమ్మకాల లెక్కతో వారం వారం పాటల వరస వేస్తారు, దాన్నే చార్టు అంటారు. 1993లో ఆ చార్టులో వాళ్లకు మొదటి నంబర్ వన్ పాట వచ్చింది, ఆ తర్వాత వరసగా వచ్చాయి. పాట రేడియోలో మోగినా, ఇంకొకరు పాడుకున్నా, రాసినవాడికి డబ్బు వస్తూనే ఉంటుంది. పాడి ఆడినవాడికి ఆ వాటా ఉండదు. రాబీ కొన్ని పాటల్లో మెయిన్ సింగరే. 1993లో వాళ్లకు బ్రిట్ అవార్డు, అంటే బ్రిటన్ సంగీతంలో పెద్ద అవార్డు, తెచ్చిన పాటలో ముందున్న గొంతు వాడిదే. కానీ ఆ పాట కూడా ఎవరో ముందే రాసి పాడినది.

మన దగ్గర ఇది ఎట్లా ఉంటుందో చూడండి. యూట్యూబ్‌లో ఒక జానపదం పెడతారు. థంబ్‌నెయిల్ మీద డ్యాన్స్ చేసిన అమ్మాయి, అబ్బాయి ఫోటోలు. కింద పేర్లు విప్పి చూస్తే సాహిత్యం, గానం, సంగీతం, కోరస్, డీఓపీ అంటే కెమెరా, ఎడిటింగ్ వరసగా ఉంటాయి. డోలు కొట్టినాయన పేరు ఎక్కడుంటుంది? ఒక్కోసారి ఉండనే ఉండదు. సరే, ఆయన సంగతి పక్కన పెట్టండి. కోరస్ పాడిన చెల్లె ఉంది. పదేళ్లు కోరస్ పాడి ఒకరోజు నేను బయటికి పోతున్నా అంటే, తనతో పాటు ఏం తీసుకుపోతుంది? గొంతు తీసుకుపోతుంది. పాట ఒక్కటీ తీసుకుపోలేదు. రాబీ పరిస్థితి సరిగ్గా ఇదే.

1995కి వచ్చేసరికి వాడికి విసుగు పుట్టింది. తాగుడు, మత్తుమందులు కూడా మొదలయ్యాయి. ఆ జూన్‌లో గ్లాస్టన్‌బరీ అని అక్కడొక పెద్ద సంగీత జాతర జరుగుతుంటే వెళ్లి ఒయాసిస్ బ్యాండ్ వాళ్లతో తిరిగాడు. తర్వాతి నెల, జూలైలో, టూరు రిహార్సల్స్ మధ్యలో మిగతావాళ్లు నిలదీశారు. పోయేదుంటే ఇప్పుడే పో, మేం నలుగురం ప్రాక్టీస్ చేసుకుంటాం అన్నారు. వాడు లేచాడు. అక్కడ పళ్ల మధ్య ఒక ఖర్బూజా ఉంది. "ఇది తీసుకుపోవచ్చా?" అని అడిగి, ఖర్బూజా చేతిలో పట్టుకుని వెళ్లాడట. ఈ ముచ్చట ఆ గ్రూపు వాళ్లే చాలాసార్లు చెప్పుకున్నారు. నాకు ఇందులో నవ్వు కంటే ఎక్కువ ఇంకోటి కనిపిస్తుంది. ఐదేళ్లు పాడిన గ్రూపు నుంచి పోతూ, ఇది నాది అని పట్టుకుపోవడానికి వాడికి దొరికింది అదే.

మిగిలిన నలుగురు టూరు పూర్తి చేశారు. 1996 ఫిబ్రవరి 13న గ్రూపు విడిపోతున్నట్టు ప్రకటించారు. తారీఖు చూశారా? రాబీ పుట్టినరోజు! ఏడ్చే అభిమానుల కోసం అక్కడ ప్రత్యేకంగా హెల్ప్‌లైన్ ఫోన్ నంబర్లు పెట్టారు. మనకు వింతగా ఉంటుంది కానీ పెట్టారు.

మరి రాబీ బయటికొచ్చి వెంటనే సొంత పాట వదిలాడా? లేదు, వదలలేడు. గ్రూపు అధికారికంగా విడిపోయేదాకా సొంత రికార్డు విడుదల చేయకూడదని కాగితంలో ఉంది. పదహారేళ్లప్పుడు చేరిన పోరగాడు ఆ కాగితం చదివి ఉంటాడా? మీరు చదువుతారా? రికార్డు కంపెనీతో పేచీ తెగ్గొట్టుకుని క్రిసాలిస్ అనే ఇంకో కంపెనీకి పోయేసరికి ఏడాది గడిచింది. అదొక్కటే కాదు. పాత మేనేజరు తన కమిషన్ బాకీ ఉందని కోర్టుకు పోయి, గెలిచి వసూలు చేసుకున్నాడు. గొంతు ఉన్నవాడు కోర్టు మెట్లెక్కడంలోనే ఏడాది పోగొట్టుకుంటాడు, అది కూడా జనం తనను మర్చిపోయే ఏడాది.

1996లో మొదటి సోలో పాట వదిలాడు. ఏ పాట? జార్జ్ మైకేల్ పాట. ఎవరీ జార్జ్ మైకేల్? ఆయన కూడా వామ్ అనే జంట నుంచి 1986లో బయటికొచ్చినవాడు. ఆయన కూడా రికార్డు కంపెనీ మీద కోర్టుకెక్కి, 1994లో ఓడిపోయినవాడు. స్వేచ్ఛ కావాలి అనే పాట అది. తన మాట చెప్పడానికి కూడా రాబీ వేరేవాళ్ల పాటే తెచ్చుకోవాల్సి వచ్చింది. చార్టులో రెండో స్థానం దాకా పోయింది. పాట హిట్టే. కానీ ఆ పాట రాసిన డబ్బు, పేరు జార్జ్ మైకేల్‌వే కదా.

అప్పట్లో పందెం కట్టమంటే ఎవరి మీద కట్టేవారు? అందరూ గ్యారీ మీదే కట్టారు. పాటలు రాసేవాడు, పియానో వాయించేవాడు, గొంతున్నవాడు. గ్యారీ మొదటి సోలో పాట నంబర్ వన్. 1997లో మొదటి ఆల్బమ్ కూడా నంబర్ వన్. రాబీ మొదటి ఆల్బమ్ అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చింది, పెద్దగా కదల్లేదు. దాని నుంచి తీసిన పాటలు రెండో స్థానం, తర్వాత ఎనిమిది, తర్వాత పద్నాలుగు. మెట్లు దిగినట్టు దిగాయి. పేపర్లవాళ్లు ఇతని పని అయిపోయిందని రాశారు. రెండేళ్లు తిరిగేసరికి గ్యారీ రెండో ఆల్బమ్ పడిపోయింది, కంపెనీ అతన్ని వదిలేసింది. రాబీ మాత్రం లేచాడు. ఎందుకు? ఇదే ఇవాళ నేను చెప్పదల్చుకున్నది. గ్యారీకి అన్నీ వచ్చు కాబట్టి తన పాట తనే చూసుకుంటాడులే అనుకున్నారు. రాబీకి అన్నీ రావు కాబట్టి ఇంకో మనిషిని వెతుక్కున్నాడు. నేను చూసినంతలో తేడా అక్కడే ఉంది.

ఆ మనిషి పేరు గై చాంబర్స్. కీబోర్డు మనిషి, అందుకే నాకు కొంచెం ఎక్కువ ఇష్టం, పక్షపాతం అనుకున్నా ఫర్వాలేదు. ఆయన వరల్డ్ పార్టీ అనే బ్యాండ్‌లో వాయించాడు, తర్వాత సొంతంగా లెమన్ ట్రీస్ అని ఒకటి పెట్టాడు. అది నిలవలేదు. అంటే ఆయన కూడా బ్యాండ్ పోయినవాడే. 1997 మొదట్లో ఇద్దరూ కలిశారు. రాబీ దగ్గర మాటలు, కూనిరాగాలు, తిక్క, జోకులు ఉన్నాయి. చాంబర్స్ దగ్గర కార్డ్స్, అంటే కీబోర్డు మీద స్వరాలు కలిపి పట్టే విద్య, పాట కట్టే పద్ధతి ఉన్నాయి. మొదటి రోజుల్లోనే "ఏంజెల్స్" పాట పూర్తి చేశారు. అరగంట కూడా పట్టలేదని చెప్పుకున్నారు.

అరగంట అనగానే మోసపోకండి. దాని వెనక ఇంకో కథ ఉంది. 1996 క్రిస్మస్ రోజుల్లో రాబీ డబ్లిన్‌లో ఉండగా ఒక ఐరిష్ పాటగాడితో కలిసి ఆ పాట మొదటి రూపం రాశాడు. తర్వాత ఆ ఐరిష్ మనిషికి 7,500 పౌండ్లు ఇచ్చి హక్కు వదులుకునేలా మాట్లాడుకున్నారు. కలిసి రాసిన మాట నిజమేనని రాబీ కూడా తర్వాత ఒప్పుకున్నాడు. ఆ 7,500 చేతిలో పడినప్పుడు ఆయనకు అది మంచి డబ్బే అనిపించి ఉండొచ్చు. తర్వాత ఏమైందో వినండి.

1997 డిసెంబర్‌లో పాట వచ్చింది. చార్టులో నాలుగో స్థానం దాటి పైకి పోలేదు. కానీ దిగలేదు! వారాల తరబడి అమ్ముడుపోతూనే ఉంది. ఒక్క బ్రిటన్‌లోనే పది లక్షలకు పైగా కాపీలు. పడుకుని ఉన్న ఆల్బమ్‌ను లేపి 1998లో నంబర్ వన్ చేసింది. 2005లో బ్రిట్ అవార్డులవాళ్లు గడిచిన పాతికేళ్లలో మంచి పాట ఏదని అడిగితే జనం దీన్నే ఎన్నుకున్నారు. అక్కడ పెళ్లిలో మొదటి డ్యాన్స్‌కు ఇదే పాట, అంత్యక్రియల్లో కూడా ఇదే పాట. చాలామంది నంబర్ వన్ పాటలకు దొరకని అదృష్టం ఈ నాలుగో నంబర్ పాటకు దొరికింది. వ్యూస్ చూసి మొదటి వారంలోనే టెన్షన్ పడే తమ్ముళ్లు, ఈ ఒక్క సంగతి రాసి పెట్టుకోండి.

ఇక్కడ మీలో ఎవరో అడుగుతారు, అడగకపోతే నేనే అడుగుతా. "సార్, ఒక్కడే నిలబడి గెలిచినవాళ్లు లేరా? మన ఊరి నేరెళ్ల వేణుమాధవ్ గారు ఎవరి తోడుతో గెలిచారు?" మంచి ప్రశ్న. వరంగల్ గడ్డ మీద నిలబడి వేణుమాధవ్ గారిని కాదనే ధైర్యం నాకు లేదు. కానీ మిమిక్రీ ఆ విద్యే అట్లాంటిది, ఒక్క గొంతులోనే వందమంది ఉంటారు. పాటది వేరే లెక్క. మన ఒగ్గుకథ చూడండి. జనగామ చుక్క సత్తయ్య గారు ఎంత పెద్ద కళాకారుడు! కథ చెప్పేది ఆయనే, జనం వచ్చేది ఆయన కోసమే. అయినా వంత అందుకునే మనిషి పక్కన లేకుండా, డోలు లేకుండా కథ నడుస్తుందా? ఆయన ఒక మాట అంటే అవునా అని అడిగేవాడు ఉండాలి. ఆ అడగడంలోంచే తర్వాతి మాట పుడుతుంది. చాంబర్స్ రాబీకి వంత మనిషి. కాకపోతే జీతం మనిషి కాదు, వాటా ఉన్న మనిషి. పాట పేరు కింద రాబీ విలియమ్స్, గై చాంబర్స్ అని రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి.

ఆ తర్వాతి నాలుగైదేళ్లు నేను వేగంగా చెప్పేస్తా, గెలుపు కథలు అన్నీ ఒకేలా ఉంటాయి. 1998లో మొదటి సోలో నంబర్ వన్ పాట. ఆల్బమ్ వెనక ఆల్బమ్. 2001లో పాత కాలం స్వింగ్ పాటలతో ఒక ఆల్బమ్, అందులో సినిమా నటి నికోల్ కిడ్‌మన్‌తో యుగళగీతం, అదీ నంబర్ వన్. 2002లో ఈఎంఐ అనే రికార్డు కంపెనీతో 8 కోట్ల పౌండ్ల ఒప్పందం అని పేపర్లు రాశాయి. అప్పటి మన లెక్కలో దాదాపు 600 కోట్ల రూపాయలు. 2003 ఆగస్టులో నెబ్‌వర్త్ అనే చోట మూడు రాత్రులు పాడితే కలిపి 3,75,000 మంది వచ్చారు. మేడారం చూసిన మన కంటికి ఇది పెద్ద లెక్కలా ఆనకపోవచ్చు. కానీ వాళ్లు మొక్కు తీర్చుకోవడానికి రాలేదు, టికెట్ కొని ఒక మనిషి పాట వినడానికి వచ్చారు. అమెరికాలో మాత్రం ఇతని పప్పులు ఉడకలేదు. "ఏంజెల్స్" కూడా అక్కడ టాప్ 50లోకి రాలేదు. దాని గురించి ఇతను పెద్దగా ఏడ్చినట్టు కనిపించదు. అక్కడ ఎవరూ గుర్తుపట్టరని లాస్ ఏంజెలెస్‌లో ఇల్లు తీసుకుని హాయిగా ఉన్నాడు.

అయితే ఆ 2002లోనే, ఒప్పందం నడుస్తున్న రోజుల్లోనే, రాబీ చాంబర్స్‌తో విడిపోయాడు. నెబ్‌వర్త్‌లో అంత జనం ముందు పాడిన పాటల్లో ఎక్కువ భాగం ఇద్దరూ రాసినవే, కానీ రెండోవాడు పక్కన లేడు. ఒకసారి గ్రూపు వదిలినవాడికి వదలడం అలవాటవుతుంది. ఇది నేను మన ఊళ్లో కూడా చూశా. ట్రూపు వదిలి వస్తాడు, తమ్ముడితో ఛానెల్ పెడతాడు, పాటలు ఆడతాయి, ఏడాదికి తమ్ముడితో పడదు. అడిగితే "జనం నా కోసమే వస్తున్నారు" అంటాడు. నిజమే, జనం నీ కోసమే వస్తున్నారు. నువ్వేం పాడుతున్నావో ఎవరు చూస్తున్నారు?

ఆ తర్వాత రాబీ స్టీఫెన్ డఫీతో కలిసి రాశాడు. ఈ డఫీ ఎవరో తెలుసా? డురాన్ డురాన్ అనే పెద్ద బ్యాండ్‌ను మొదలుపెట్టినవాళ్లలో ఒకడు, అది పేరు తెచ్చుకోకముందే బయటికొచ్చినవాడు. చూడండి, బ్యాండ్ వదిలినవాళ్లంతా ఒకరినొకరు ఎట్లా వెతుక్కుంటారో! ఆ ఆల్బమ్ 2005లో వచ్చింది, బాగానే పోయింది. పడిపోయిందని చెప్తే నా వాదన బలంగా ఉంటుంది కానీ అది అబద్ధం. ఇంకో జోడీ దొరికింది, ఇంకో ఆల్బమ్ నిలబడింది.

అసలు దెబ్బ 2006లో. "రూడ్‌బాక్స్" అని ఒక ఆల్బమ్. ర్యాప్, ఎలక్ట్రానిక్, పాత పాటల కవర్లు, ఒక్కో పాటకు ఒక్కో కొత్త మనిషి. పక్కన చాలామంది ఉన్నారు, వద్దు అని చెప్పే మనిషి ఒక్కడు లేడు. టైటిల్ పాటను ఒక పేపర్ ఇప్పటిదాకా వచ్చిన పాటల్లో అతి చెత్త పాట అని రాసింది. అమ్ముడుపోని కాపీలు పది లక్షలకు పైగా మిగిలితే, వాటిని చైనాకు పంపి పిండి చేసి రోడ్ల పనికి వాడబోతున్నారని 2008లో వార్తలొచ్చాయి. అదే 2006 నవంబర్‌లో చార్టులో నంబర్ వన్ ఎవరు? టేక్ దట్! మిగిలిన నలుగురు మళ్లీ కలిశారు, రాబీ లేకుండా. ఈసారి నలుగురూ కలిసి పాట రాశారు, నలుగురి పేర్లూ పడ్డాయి. గ్యారీ ఒక్కడే రాసే పద్ధతి పోయింది. నన్నడిగితే వాళ్లు మళ్లీ నిలబడింది ఆ ఒక్క మార్పుతోనే.

2007లో రాబీ తన పుట్టినరోజునే, ఫిబ్రవరి 13నే, అమెరికాలో డీ-అడిక్షన్ సెంటర్‌లో చేరాడు. ఈ భాగం మీద నేను ఎక్కువ మాట్లాడను. ఫంక్షన్ అయిపోయాక రాత్రి రెండింటికి వ్యాన్‌లో ఏం నడుస్తుందో మీకు తెలుసు, నాకు తెలుసు.

2010లో రాబీ, గ్యారీ కలిసి ఒక పాట రాసి పాడారు. పదిహేనేళ్లు పేపర్లలో ఒకరినొకరు తిట్టుకున్న ఇద్దరు. ఆ నవంబర్‌లో ఐదుగురి ఆల్బమ్ వచ్చింది, మరుసటి ఏడాది టూర్‌లో లండన్‌లోని ఒక్క వెంబ్లీ స్టేడియంలోనే 8 రాత్రులు పాడారు. అందులో మధ్యలో రాబీ ఒక్కడే వచ్చి తన సోలో పాటలు పాడుకునే భాగం పెట్టారు. అంటే గ్రూపులో ఉంటూనే ఒకరికి సొంత చోటు ఇవ్వొచ్చన్నమాట. 1995లో ఆ మాట ఎవరికీ తోచలేదు. మన ట్రూపు లీడర్లు వింటున్నారా? మూడు గంటల ప్రోగ్రామ్‌లో ఆ కోరస్ చెల్లెకు రెండు పాటలు సొంతంగా ఇస్తే మీ సొమ్మేం పోతుంది?

టూరు అయ్యాక రాబీ మళ్లీ సోలోకి పోయాడు, ఈసారి గొడవ లేదు. 2013లో మళ్లీ ఎవరితో కూర్చున్నాడు? గై చాంబర్స్‌తో. పదకొండేళ్ల తర్వాత. ఆ ఆల్బమ్ బ్రిటన్ చార్టుల చరిత్రలో వెయ్యో నంబర్ వన్ ఆల్బమ్ అయింది. 2024లో ఇతని జీవితం మీద సినిమా కూడా తీశారు, అందులో హీరోను చింపాంజీగా చూపించారు. నమ్మకపోతే ఇంటికెళ్లి చూసుకోండి.

నాకిచ్చిన టైమ్ అయిపోయింది, అటునుంచి చేయి ఊపుతున్నారు. ఒక్క పని మాట చెప్పి దిగుతా. పాట రికార్డింగ్‌కు పోయే ముందు సాహిత్యం ఎవరు, ట్యూన్ ఎవరు, ఎవరికెంత వాటా, ఛానెల్ ఎవరి పేరు మీద, ఒకరు బయటికి పోతే పాత పాటలు ఎవరు పాడుకోవచ్చు, ఇవన్నీ ఒక పేజీ మీద రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. సొంత అన్నదమ్ములైనా సరే. అట్లాంటి పేజీ ఒకటి తెలుగులో టైప్ చేయించి, జిరాక్సులు తీయించి, వెనక టీ బల్ల పక్కన పెట్టాను. ట్రూపుకు ఒకటి చొప్పున తీసుకోండి. లీడర్లు తీసుకోకపోతే కోరస్‌వాళ్లు తీసుకోండి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి, ముందు ఆ ప్యాడ్స్ వాయించే తమ్ముడు, ఇందాకటి నుంచి చేయి ఎత్తే ఉన్నాడు.